కరువు సీమకు రాని కరువు భత్యం

డియర్‌నెస్ అలవెన్సును తెలుగు చేసిన మహానుభావుడెవరో గానీ, 'కరువు భత్యం' అని పేరు పెట్టాడు. ప్రియం భత్యం అనొచ్చు, ధరల భత్యం అనొచ్చు. అవేవీ కాదని కరువన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎందుకంటారా? కరువన్న మాట మీద ఈ రాష్ట్రంలో ఎవరికైనా హక్కుంటే అది మా అనంతపురం సీమకే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా పేరు మారి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, వాన మాత్రం పాత జిల్లా వానే. పేరు మారిందని మేఘాలకెవరూ చెప్పినట్టు లేదు. ఇలాంటి సీమలో కరువేమో ఊరందరికీ, భత్యమేమో ఒకటో తారీఖున జీతమో పింఛనో తెచ్చుకునే మావారి లాంటి వాళ్ళకి! ఇదెక్కడి పంపకమండీ?

నేను పుట్టింది పెనుకొండ, మెట్టింది హిందూపురం, ఆడపిల్లనిచ్చింది ధర్మవరం అల్లుడికి. మూడూ ఒకే రైలు దారి మీదున్నాయి. హిందూపురంలో ఎక్కితే ముందు పుట్టిల్లు వస్తుంది, ఆ తర్వాత కూతురిల్లు. నెలకో రెండు నెలలకో ఆ దారిన పోయి వస్తూంటాను కాబట్టి మూడూళ్ళ వంటిళ్ళూ నాకు కొట్టినపిండే. ఎక్కడికి పోయినా కందిబేడలు అవే, నూనె అదే, సిలిండరు అదే. ధర పెరిగిన రోజు మూడూళ్ళలోనూ ఒకేసారి పెరుగుతుంది. ఆ పెరిగిన ధరకు ప్రభుత్వం చెప్పే జవాబు మాత్రం ఇంటికో తీరు.

మా ఇంటి సంగతి ముందు చెప్పేస్తాను. మావారు రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. ధరలు పెరిగితే ఆయన పింఛనుకు కరువు భత్యం తోడవుతుంది. దాని వెనక పెద్ద ఏర్పాటే ఉంది. సిమ్లాలో లేబర్ బ్యూరో అని ఒక కార్యాలయం ఉంది. దేశంలో 88 కేంద్రాల నుంచి బియ్యం, పప్పు, నూనె, ఇంటద్దె, చెప్పులు, మందులు, ఇలా కార్మికుల ఇంట్లో ఖర్చయ్యే ప్రతిదాని ధరా తెప్పించుకుని నెలనెలా ఒక సూచీ కడుతుంది. ఆ సూచీ ఎంత పైకి పోతే కేంద్ర ఉద్యోగుల డీఏ అంత పైకి పోతుంది, జనవరికోసారి, జూలైకోసారి. 2016 జనవరిలో సున్నా దగ్గర మొదలైన డీఏ 2025 జూలైకి 58 శాతం అయింది. రాష్ట్రాలు దాని వెనకాలే నడుస్తాయి, కాస్త కుంటుకుంటూ. మన రాష్ట్రంలో 2024 జనవరి నుంచి రావలసిన డీఏను 2025 దీపావళికి ప్రకటించారు. పత్రికలన్నీ 'దీపావళి కానుక' అని రాశాయి. బాకీ తీర్చడాన్ని కానుక అనడం మా వీధిలో ఎవరికీ తెలియదు. పాలవాడికి బిల్లు కట్టి, ఇదుగో నీకు నా కానుక అంటే వాడేమంటాడో మీరే ఊహించుకోండి.

సరే, ఆలస్యమైతేనేం, మాకు వస్తుంది. ధర పెరిగినట్టు ప్రభుత్వమే ఒప్పుకుని, లెక్క కట్టి ఇస్తుంది. రాని వాళ్ళ సంగతేమిటన్నదే నా గొడవ.

మా అల్లుడు ధర్మవరంలో బ్యాంకు ఉద్యోగి. వాళ్ళు అద్దెకున్న ఇంటివాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. పొద్దున కాఫీ తాగుతూంటే గోడ అవతల నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇంటాయన మగ్గం గుంతలో కూచుంటాడు, ఇంటావిడ పేక చుడుతుంది, అచ్చు అతకడానికి సాయం పోతుంది, మధ్యలో వంట. పట్టూ జరీ షావుకారు ఇస్తాడు, చీర ఆయనకే చేరుతుంది, వీళ్ళకు మిగిలేది కూలి. ఒకరోజు మాటల్లో మావారి డీఏ సంగతి వచ్చింది. ఆవిడ పేక చుట్టడం ఆపి అడిగింది.

"డీఏ అంటే ఏందక్కా?"

"ధరలు పెరిగితే ఆ మేరకు జీతం పెంచుతారు."

"ఎవురూ అడక్కుండానా?"

"అడక్కుండానే."

"మాకు అడిగినా పెంచర్లేక్కా. పట్టు రేటు పెరిగింది, అమ్మకం లేదు అంటారు. పట్టు రేటు తగ్గింది అనుకో, చీర రేటు గూడా పడిపాయ అంటారు. రెండిట్లోనూ మా కూలే తగ్గల్ల."

నేను అర్థశాస్త్రం చదువుకోలేదు. చదువుకున్నవాళ్ళు కూడా నాకింత విడమరచి చెప్పలేదు.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. ఈ కరువు భత్యం కోసం మనదేశంలో జరిగిన తొలి పెద్ద పోరాటాల్లో ఒకటి చేసింది ఎవరనుకున్నారు? గుమాస్తాలు కాదు, నేతపనివాళ్ళు. 1917లో అహమ్మదాబాదులో ప్లేగు వచ్చింది. పనివాళ్ళు ఊరొదిలి పోకుండా మిల్లుల యజమానులు జీతం మీద ప్లేగు బోనసు ఇచ్చారు. ప్లేగు తగ్గింది, బోనసు తీసేశారు. ధరలు మాత్రం యుద్ధం పుణ్యమా అని తగ్గలేదు. పనివాళ్ళు 50 శాతం అడిగారు, యజమానులు 20 అన్నారు. 1918లో గాంధీగారు మధ్యలోకి వచ్చి 35 శాతం న్యాయమని తేల్చారు. యజమానులు మిల్లుల తలుపులు మూశారు. గాంధీగారు మూడు రోజులు నిరాహారదీక్ష చేశారు. చివరికి మధ్యవర్తి ఆ 35 శాతమే ఇప్పించాడు. ఆ పనివాళ్ళను కూడగట్టి నడిపించింది అనసూయా సారాభాయి. యజమానుల తరఫున నిలబడ్డ అంబాలాల్ సారాభాయి ఆవిడకు స్వయానా తమ్ముడు. ఇంట్లో రాఖీ కట్టే చెయ్యే వీధిలో జెండా పట్టుకుందన్నమాట. వందేళ్ళు దాటింది. నేతపనివాళ్ళు పోరాడి నిలబెట్టుకున్న భత్యం ఫైళ్ళు మోసేవాళ్ళకు చేరింది, మగ్గం ముందు కూచున్నవాళ్ళకు లేదు.

ప్రభుత్వం వాళ్ళకేమీ చెయ్యలేదంటే అబద్ధం. 2019 డిసెంబరు 21న 'నేతన్న నేస్తం' పథకాన్ని ఆనాటి ముఖ్యమంత్రి మా ధర్మవరంలోనే మొదలుపెట్టారు. సొంత మగ్గమున్న ఇంటికి ఏడాదికి 24 వేలు. మంచిదే. ఊళ్ళో పండగ చేసుకున్నారు. అయితే పరుల మగ్గం మీద కూలికి నేసేవాడికి లేదు, కండెలు చుట్టి బతికే ఆడదానికి లేదు. అది ఒక సంగతి. రెండోది, అయిదు విడతలు ఇచ్చారు, 2019 నుంచి 2023 దాకా. మొదటి ఏడాది 24 వేలు. అయిదో ఏడాదీ 24 వేలే! ఈ మధ్యలో ఏమీ జరగలేదా? కరోనా వచ్చింది, నూనె ధర మండింది, గ్యాసు వెయ్యి దాటింది. ఆ మొదటి విడత నాటికి కేంద్ర ఉద్యోగి డీఏ 17 శాతం, అయిదో విడత నాటికి 46. అదే కొలత ఈ డబ్బుకూ పెడితే 24 వేలు సుమారు 30 వేలు కావాలి. మావారి చేత లెక్క వేయించాను. ఆ ఆరు వేలూ నేతగాడి జేబులోంచి ఎవరూ దొంగిలించలేదు. ధరలు తినేశాయి.

పెనుకొండకు రండి. మా పుట్టింటి ముందు భాగంలో ఒకావిడ అద్దెకుంటుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ ఊరు ఇప్పుడు అందరికీ తెలుసు. ఒకప్పుడు 1565లో హంపీ పాడయ్యాక విజయనగర రాజులు అక్కడికి తరలివచ్చారు, 2019లో కార్ల కంపెనీ తరలివచ్చింది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ లేచాక ఆ చుట్టుపక్కల ఇంటద్దెలు ఏ రాజుల కాలంలోనూ ఎరగనంత పెరిగాయి. ఈవిడ జీతం చూద్దాం. జీతం అనకూడదట, 'గౌరవ వేతనం' అనాలట. కేంద్రం లెక్కలో అది నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి పది నెలలు. 2009లో పెట్టిన అంకె. మన రాష్ట్రం పాపం చూడలేక 2019లో 3,000 చేసింది. క్రితం దసరాకు వెళ్ళినప్పుడు ఏమైనా పెరిగిందా అని అడిగితే, "గౌరవం పెరిగిందమ్మా, వేతనమే అట్లే ఉంది" అంది.

ఆవిడ వండే వంటకు ఇచ్చే ఖర్చు వినండి. కిందటి తరగతుల పిల్లవాడికి పప్పు, కూర, నూనె, పోపు, గ్యాసు అన్నీ కలిపి పూటకు 6 రూపాయల 19 పైసలు ఉండేది, 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు చేశారు. బియ్యం వేరే ఇస్తారు, ఒప్పుకుంటాను. యాభై తొమ్మిది పైసల పెంపు! ఢిల్లీలో ఆ పైసల దాకా ఎవరు లెక్క కట్టారో, వారి శ్రీమతిగారిని ఒక్కరోజు ఆ డబ్బుతో నలభై మంది పిల్లలకు పప్పు వండి చూపించమనండి. ఆవిడ వంటలో ఏ లోపం వచ్చినా నేను నోరెత్తను.

ఇప్పుడు ఢిల్లీ గ్యాసు కథ. 2023 ఆగస్టు 29న సిలిండరు మీద ఒకేసారి 200 తగ్గించారు. రాఖీ పండక్కి అక్కచెల్లెళ్ళకు కానుకన్నారు. 2024 మార్చి 8న ఇంకో వంద తగ్గించారు. అది మహిళా దినోత్సవ కానుక. నేనూ సంతోషించాను, ఎందుకు సంతోషించను? 2025 ఏప్రిల్‌లో యాభై పెంచారు. ఆ రోజు ఏ పండగో పంచాంగమంతా వెతికాను. కనపడలేదు. తగ్గించడానికైతే ముహూర్తం కావాలి గానీ, పెంచడానికి దుర్ముహూర్తమైనా ఫరవాలేదు కాబోలు. పైగా ఈ కానుకల వెనకాలే, ఎప్పుడూ ఒక ఎన్నిక దగ్గరపడుతూ ఉంటుంది. అది కూడా పంచాంగంలో ఉండదు.

పన్నుల వాళ్ళ తెలివి ఇంకో తీరు. 2022 జూలై 18 నుంచి, పేరచ్చువేసి ప్యాకెట్ కట్టిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. 25 కిలోల దాకానే ఆ పన్ను. ఏమైంది? మా హిందూపురం బియ్యం అంగట్లో 26 కిలోల బస్తా వచ్చింది! నా చిన్నతనం నుంచీ 25 కిలోల మూటే ఎరుగుదును. ఈ ఇరవయ్యారో కిలో ఎక్కడిదని అడిగితే, "అది బియ్యం కాదమ్మా, పన్ను తప్పించే తాయెత్తు" అన్నాడు అంగడివాడు. బస్తా కొనగలిగిన నాకు పన్ను లేదు. అయిదు కిలోల ప్యాకెట్టు కొనుక్కుని వారం గడిపేవాడు మాత్రం పన్ను కట్టాలి. ఇది ఎవరు ఆలోచించి చేశారో, ఆలోచించకుండా చేశారో నాకు తెలియదు. రెండిటిలో ఏదైనా తప్పే.

ధరలను చట్టం పెట్టి నిలబెట్టమని మాత్రం నేనడగను. అది ఎప్పుడో అయిన పని. రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీస్తుశకం 301లో వెయ్యికి పైగా సరుకులకు ఇంతకు మించి అమ్మకూడదని రాళ్ళ మీద చెక్కించాడు. అతిక్రమిస్తే మరణశిక్షన్నాడు. సరుకు బజారులోంచి మాయమైంది. టమాటా సంగతి మనకే తెలుసు. 2023 జూలై ఆఖరుకు మదనపల్లెలో కిలో రెండు వందలకు దగ్గరపడింది. ప్రభుత్వాలు పరుగులెత్తాయి. మన రాష్ట్రం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మింది. కేంద్రం ఢిల్లీలో బండ్ల మీద అమ్మింది, నేపాల్ నుంచి కూడా తెప్పించింది. సెప్టెంబరుకు ధర కూలిపోయి రైతు రోడ్డు పక్కన పారబోసుకున్నాడు. అప్పుడు ఏ బండీ పరుగెత్తలేదు. ధర పైకి పోతే ఉలిక్కిపడతారు గానీ, కింద పడితే వాళ్ళకు నిద్రాభంగం లేదు. ఇంతకంటే ఆ విషయం మీద ఇక్కడ చెప్పను, రైతు సంగతి వేరే రాయవలసినంత ఉంది.

మొన్న వరలక్ష్మీ వ్రతానికి పేరంటానికి పిలిస్తే వెళ్ళాను. శెనగలు, తాంబూలం అయ్యాక కబుర్లు మొదలయ్యాయి. ఒకావిడ అంది, "ఈ ఉచితాలతో జనం సోమరులైపోతున్నారు వదినా. పనికి రమ్మంటే మనిషి దొరకడం లేదు." పక్కావిడ తలూపింది. ఇంకొకావిడ రేషను బియ్యాన్ని దోసెలపిండికి పోస్తున్నారంది. ఆ గదిలో కూచున్న పదిమందిలో ఏడుగురం డీఏ ఇళ్ళవాళ్ళం. మన డీఏకు మనం ఏ పని చేశామమ్మా? ధర పెరిగింది, అందుకని ఇచ్చారు. అంతే గదా. ధర పెరిగినందుకు మనకు వస్తే హక్కు, పనిమనిషికి వస్తే ఉచితమా? ఈ మాట అక్కడే అన్నాను. వాయనం ఇచ్చేటప్పుడు ఆవిడ ముఖం కాస్త ముడుచుకుంది గానీ, శెనగలు మాత్రం తక్కువ పెట్టలేదు.

ఆ దోసెలపిండి బియ్యం సంగతే చెబుతాను. ధరల పెరుగుదలకు మన ప్రభుత్వాలు ఇన్నేళ్ళలో చెప్పిన జవాబుల్లో నాకు నచ్చినది అదొక్కటే. 1983లో ఎన్.టి.రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. ఆయన్ని మా హిందూపురం 1985, 1989, 1994లో మూడుసార్లు శాసనసభకు పంపింది. అభిమానంతో అంటున్నానని అనుకోకండి, లెక్కతో అంటున్నాను. బియ్యం ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఇచ్చింది కిలోలు. బజారులో ధర నాలుగింతలైనా కిలో కిలోగానే ఉంటుంది, అన్నం అంతే అవుతుంది. రూపాయలు ఇచ్చినప్పుడు అలా కాదు. ఇచ్చిన రోజు నుంచే ఎండలో పెట్టిన వెన్నలా కరిగిపోతుంది. ఆ బియ్యాన్ని కూడా ఊరికే ఉండనివ్వలేదనుకోండి. ఆయన గద్దె దిగాక 1996లో మూడున్నర చేశారు, తర్వాత అయిదుంబావలా దాకా పెంచారు, 2008లో మళ్ళీ రెండు రూపాయలన్నారు, 2011లో రూపాయన్నారు, 2023 జనవరి నుంచి ఊరికే ఇస్తున్నారు. ధర ఎక్కినా దిగినా ఇంటికి చేరేది మాత్రం బియ్యమే. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో వచ్చిన ఆడవాళ్ళ ఉచిత బస్సూ అంతే. టిక్కెట్టు ధర పెంచినా మా వంటావిడ పెనుకొండ నుంచి హిందూపురం ఆసుపత్రికి రావడానికి అదనంగా దమ్మిడీ పెట్టక్కర్లేదు. ఏడాదికి మూడు సిలిండర్లు కూడా ఆ జాతిదే, డబ్బు ముందు కట్టించుకుని తర్వాత ఖాతాలో వేసినా సరే.

కానీ అన్నిటినీ కిలోల్లో ఇవ్వలేరు. కూలి కిలోల్లో రాదు, పింఛను కిలోల్లో రాదు. ఇంటద్దె అసలే రాదు. రూపాయల్లో ఇవ్వక తప్పని ప్రతిచోటా ప్రభుత్వం ఒక తారీఖు మీద అంకె వేసి, అక్కడే మేకు కొట్టి పోతుంది. ముసలివాళ్ళ పింఛను చూడండి. 2006లో 75 నుంచి 200 చేశారు. 2014 దాకా, ఎనిమిదేళ్ళు, ఆ రెండు వందలే. 2014 ఎన్నికలయ్యాయి, వెయ్యి అయింది. 2019 ఎన్నికలు దగ్గరపడ్డాయి, జనవరిలో రెండు వేలయింది. ఎన్నికలయ్యాక 2,250. ఆ తర్వాత మూడుసార్లు 250 చొప్పున పెంచి, మళ్ళీ ఎన్నికల ఏడు 2024 జనవరికి మూడు వేలు చేశారు. ఎన్నికలయ్యాయి, నాలుగు వేలయింది. పెరగలేదని నేననను, అంటే కళ్ళు పోతాయి. ధరల కన్నా ఎక్కువే పెరిగింది. నా గొడవ ఎంత పెరిగిందన్నది కాదు, ఎప్పుడు పెరిగిందన్నది. బేడల ధర ఎన్నికల కమిషన్ను అడిగి పెరగదు. 2007, 2008, 2009, అలా వరసగా ఎనిమిదేళ్ళు 200తో గడిపిన ముసలమ్మలు ఎందరు ఆ వెయ్యి కళ్ళజూడకుండానే పోయారో! వాళ్ళకు ఏ ప్రభుత్వం బకాయిలు చెల్లిస్తుంది? మావారికైతే డీఏ బకాయిలు ఎప్పటికైనా ఇస్తారు. లెక్క పుస్తకంలో రాసి ఉంటుంది.

రాష్ట్రమే నయం. ఆ పింఛనులో కేంద్రం వాటా, 79 ఏళ్ళ దాకా, 2007లో 200. 2025లోనూ 200. డీఏ లెక్కగట్టే సిమ్లా సూచీతోనే కొలిస్తే అది 600 దాటి ఉండాలి. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో చాకిరీ చేసి రిటైరైన వాళ్ళకు ప్రావిడెంట్ ఫండ్ వాళ్ళిచ్చే కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి అన్నారు. 2025లోనూ వెయ్యే.

ఖజానాలో డబ్బెక్కడిదంటారు కదూ? ఈ మాట వినడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. 2018లో పార్లమెంటు వారు తమ జీతాలకు ఒక ఏర్పాటు చేసుకున్నారు. అయిదేళ్ళకోసారి ధరల సూచీని బట్టి వాటంతట అవే పెరుగుతాయి. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ ఓటు వెయ్యక్కర్లేదు, ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. ఆ ప్రకారం 2025 మార్చిలో ఎంపీల జీతం లక్ష నుంచి లక్షా ఇరవైనాలుగు వేలయింది, 2023 ఏప్రిల్ నుంచి బకాయిలతో సహా. నేను దాన్ని తప్పుపట్టడం లేదు సుమండీ. చాలా చక్కని ఏర్పాటు. ధర పెరిగితే డబ్బు విలువ పోతుందన్న జ్ఞానం వాళ్ళకుందని దీంతో రుజువైంది. ఆ జ్ఞానం తమ ఇంటి గుమ్మం దాటనివ్వకపోవడమే నా ఫిర్యాదు.

ఇంకో వాదన చదువుకున్నవాళ్ళు చేస్తారు. జనం చేతిలో డబ్బు పెడితే ధరలు మరీ పెరుగుతాయట. ఈ సిద్ధాంతాన్ని 1974లో ఒకసారి మన మీద ప్రయోగించారు. ఆ రోజుల్లో ధరలు మండిపోతున్నాయి. అంతకు రెండేళ్ళ ముందే బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగనేకర్ లాంటివాళ్ళు ఆడవాళ్ళను కూడగట్టి చపాతీ కర్రలతో కంచాలు వాయిస్తూ వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం చేసిందేమిటి? పెరిగిన డీఏలో సగం ఉద్యోగి చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్టు కింద పట్టుకుంది. అంటే, ధరలు పెరిగింది నువ్వు కొనడం వల్లే, కాబట్టి కొనకు అన్నమాట. కంచాలు వాయించిన ఆడవాళ్ళకు జవాబు, కంచంలో ఇంకాస్త తగ్గించుకోమని. 2020లో కరోనా వచ్చినప్పుడూ కేంద్ర ఉద్యోగుల డీఏ మూడు విడతలు ఆపారు, పద్దెనిమిది నెలల సొమ్ము మళ్ళీ ఇవ్వనేలేదు. డీఏ ఉన్నవాళ్ళకే ఈ గతి పట్టినప్పుడు, అసలు లేనివాళ్ళ తరఫున కూడా మనమే మాట్లాడితే మనకే బలం గదా. నలుగురికి ఉన్నదాన్ని ఆపడం సులువు. ఊరందరికీ ఉన్నదాన్ని ఆపాలంటే ఏ ప్రభుత్వమైనా వెనకా ముందూ చూస్తుంది.

నేనడిగేది కొత్త పథకం కాదు. దానికో పేరూ, ఆ పేరుకో నాయకుడూ, ఆయన బొమ్మతో ఒక కార్డూ అక్కర్లేదు. వంటావిడ గౌరవ వేతనం, ముసలివాళ్ళ పింఛను, నేతన్నల సాయం, బడిపిల్లల పప్పు ఖర్చు, ప్రభుత్వం రూపాయల్లో నిర్ణయించే ప్రతి అంకె పక్కనా ఒక వాక్యం రాయమంటాను: జనవరిలోనూ జూలైలోనూ ఉద్యోగుల డీఏతో పాటు ఇదీ మారును. షావుకార్లిచ్చే కూలికి సంబంధించి కూడా చట్టం లేకపోలేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో కరువు భత్యానికి చోటుంది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. ధర్మవరం వీధుల్లో మగ్గం మగ్గానికీ వెళ్ళి అది ఇస్తున్నారా లేదా అని అడిగే మనిషే లేడు. అమ్మకం లేదనే షావుకారుకు కూడా కష్టం ఉంటుంది, కాదనను. మరమగ్గం మీద నేసిన నకిలీని ధర్మవరం పట్టు పేరుతో అమ్ముతూంటే ఆయనా నష్టపోతున్నాడు. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించే చట్టం 1985 నుంచీ ఉంది. దాన్ని అమలు చేస్తే కూలి పెంచడానికి షావుకారుకు వీలుంటుంది, పెంచనంటే నిలదియ్యడానికి ప్రభుత్వానికి మొహం ఉంటుంది.

మావారు ఇదంతా చదివి, "డీఏ అందరికీ పంచితే మనకు ఆలస్యం చేస్తారేమో" అన్నారు. ఇప్పుడు మాత్రం వేళకు ఇస్తున్నారా అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, జూలై విడత జీవో ఏమైనా వచ్చిందేమో చూద్దామని ఫోను తీశారు. రాలేదు. ధర్మవరం బండికి వేళవుతోందని నేను లేచాను. ఆ నేత ఇంటావిడకు 24 వేలు, 30 వేల లెక్క కాగితం మీద రాసిస్తానని మాటిచ్చాను. వాళ్ళ సంఘంలో చూపిస్తుందట.